చేతివేళ్లతో చదువు నేర్పిన డాక్టర్

మన పట్టణాల్లో ఏ కాలనీకి వెళ్లినా మాంటిస్సోరి అని రాసి ఉన్న స్కూల్ బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. అదేదో స్కూళ్ల గ్రూపు పేరు అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. టెట్‌కో, డీఎస్సీకో ప్రిపేరయ్యేవాళ్లకైతే అది ఒక మార్కు బిట్టు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. ఇటలీలో పుట్టి, డాక్టర్ చదివి, ఆ వృత్తిని పక్కన పెట్టి మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లల మధ్య నేల మీద కూర్చున్న మారియా మాంటిస్సోరి పేరు. పసిపిల్లలు చదవడం, రాయడం ఎలా నేర్చుకుంటారన్న విషయంలో ఆమె గమనించినవి వందేళ్లు దాటినా టీచర్లకు పనికొస్తూనే ఉన్నాయి. ఆమె కెరీర్ కూడా ఒక్క గీత మీద సాగింది కాదు. అందుకే ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ఈ జీవితాన్ని ఒకసారి చదవాలి.

ఇంజినీరింగ్ వద్దు, మెడిసిన్ కావాలి

మారియా 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా దగ్గరున్న కియరవల్లే అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి. తల్లి రెనిల్డేకు పుస్తకాలంటే ప్రాణం. తండ్రి బదిలీల వల్ల కుటుంబం 1875లో రోమ్ చేరింది. ఆడపిల్లలు టీచర్ ట్రైనింగ్ చదివితే చాలనుకునే రోజులవి. మారియా మాత్రం 13వ ఏట మగపిల్లలు చదివే టెక్నికల్ స్కూల్లో చేరారు. లెక్కలంటే ఇష్టం, ఇంజినీర్ కావాలని ఆశ. తర్వాత మనసు మెడిసిన్ వైపు మళ్లింది. తండ్రికి అది నచ్చలేదు, తల్లి మాత్రం వెనక నిలబడింది.

రోమ్ విశ్వవిద్యాలయంలో ముందు ప్రకృతి శాస్త్రాలు చదివి, ఆ తర్వాతే ఆమె వైద్యవిద్యలో అడుగు పెట్టగలిగారు. అక్కడా అడ్డంకులే. మగ విద్యార్థుల మధ్య ఒక స్త్రీ శవాన్ని కోసి పరీక్షించడం మర్యాద కాదన్నారు. దాంతో అందరూ వెళ్లిపోయాక, శవాలున్న గదిలో ఒంటరిగా ప్రాక్టికల్స్ చేసేవారు. 1896లో పట్టా చేతికొచ్చింది. ఇటలీలో వైద్య పట్టా అందుకున్న తొలితరం మహిళల్లో ఆమె ఒకరు. అదే ఏడాది బెర్లిన్‌లో జరిగిన మహిళల మహాసభలో ఇటలీ తరఫున మాట్లాడి, ఆడవాళ్లకు మగవాళ్లతో సమాన కూలి ఇవ్వాలని వాదించారు.

ఇక్కడితో కథ ముగిసినా అది విజయగాథే. కానీ ఆమె అసలు పని ఇంకా మొదలే కాలేదు.

రొట్టె ముక్కలు చెప్పిన పాఠం

రోమ్ విశ్వవిద్యాలయ మానసిక వైద్య విభాగంలో పని చేస్తున్నప్పుడు ఆమె మానసిక చికిత్సాలయాలకు వెళ్లేవారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను అప్పట్లో పెద్దవాళ్లైన రోగులతో కలిపే ఉంచేవారు. ఆమె జీవితచరిత్రల్లో తరచూ కనిపించే సంఘటన ఒకటుంది. భోజనాలయ్యాక ఈ పిల్లలు నేల మీద పడిన రొట్టె ముక్కల కోసం ఎగబడతారని, అదంతా తిండి యావ అని అక్కడి ఆయా విసుక్కుందట. మారియా ఆ గదంతా కలియజూశారు. ఖాళీ గోడలు తప్ప పిల్లల చేతికి అందే వస్తువు ఒక్కటీ లేదు. వాళ్లది కడుపు ఆకలి కాదని, చేతుల ఆకలి అని ఆమెకు అర్థమైంది. పట్టుకోవడానికి, నలపడానికి, అటూ ఇటూ తిప్పి చూడటానికి ఏదో ఒకటి కావాలి. ఆ గదిలో వాళ్లకు దొరికింది రొట్టె ముక్కలే.

అక్కడి నుంచి ఆమె పాత పుస్తకాలు వెతికారు. ఫ్రాన్స్‌లో అవెరాన్ అడవిలో దొరికిన బాలుడికి చదువు చెప్పే ప్రయత్నం చేసిన డాక్టర్ ఇటార్, ఆయన దారిలోనే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం బోధన పరికరాలు తయారు చేసిన సెగాన్ ఆమెకు దొరికారు. 1900లో ఇలాంటి పిల్లల కోసం, వాళ్లకు చెప్పే టీచర్ల కోసం రోమ్‌లో ఒక సంస్థ మొదలైంది. దాన్ని నడిపిన ఇద్దరిలో మారియా ఒకరు. పగలంతా పిల్లలతో గడిపి, రాత్రి ఆ రోజు చూసినవన్నీ రాసుకునేవారు. ఏమీ రారని వదిలేసిన పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చుకుని మామూలు పిల్లలు రాసే పరీక్ష పాసయ్యారు.

చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను తెగ మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఈ పిల్లలే ఇంత దూరం రాగలిగితే, ఏ లోపమూ లేని పిల్లలు మామూలు బడుల్లో ఇంత వెనక ఎందుకు ఉన్నట్టు?

ముప్పై దాటాక మళ్లీ స్టూడెంట్

1901లో ఆమె ఆ సంస్థను వదిలేశారు. దాని వెనక సొంత బాధ కూడా ఉంది. అదే సంస్థను తనతో కలిసి నడిపిన డాక్టర్ మోంటెసానోతో ఆమెకు 1898లో మారియో అనే కొడుకు పుట్టాడు. వాళ్లకు పెళ్లి కాలేదు. ఆ విషయం బయటపడితే ఆమె వైద్య జీవితం అక్కడితో ఆగిపోయే కాలమది. బిడ్డను పల్లెలో వేరే కుటుంబం దగ్గర పెంచారు. తల్లి అప్పుడప్పుడూ వెళ్లి చూసి వచ్చేది. ఆ పిల్లవాడు తల్లి దగ్గరకు చేరేసరికి పదిహేనేళ్లు వచ్చాయి. ప్రపంచంలోని పిల్లలందరి గురించి ఆలోచించిన మనిషి సొంత బిడ్డ తొలి అడుగులు, తొలి అక్షరాలు దగ్గరుండి చూడలేకపోయారు.

అప్పటికే పేరున్న డాక్టర్ అయిన మారియా, 30 ఏళ్లు దాటాక మళ్లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చేరి తత్వశాస్త్రం, విద్యాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివారు. ఇటార్, సెగాన్ పుస్తకాలను ఇటాలియన్‌లోకి మార్చుకుంటూ మొదటి నుంచి చివరి దాకా తన చేత్తో రాసుకున్నారు. రాస్తే ప్రతి మాట బరువూ తెలుస్తుందని ఆమె నమ్మకం. నోట్సు జిరాక్స్ తీసుకుని పక్కన పెట్టేసే అలవాటున్న మనం గుర్తుంచుకోవాల్సిన విషయమిది.

శాన్ లోరెంజోలో ఒక గది

1906లో ఆమెకు వచ్చిన అవకాశం చూడ్డానికి చాలా చిన్నది. రోమ్‌లో శాన్ లోరెంజో అనే పేదల వాడ ఉండేది. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి పాడుబడ్డ భవనాలను బాగు చేసి కూలి కుటుంబాలకు అద్దెకు ఇచ్చింది. తల్లిదండ్రులు పనికి పోగానే బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద ఆడుతూ గోడలన్నీ పాడు చేసేవాళ్లు. వాళ్లందరినీ ఒక గదిలో ఉంచి చూసుకుంటే రిపేర్ల ఖర్చు తగ్గుతుందని సంస్థ లెక్క. ఆ గదిని చూసుకోమని మారియాను అడిగారు.

ఒక డాక్టర్, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషి చేసే పనేనా ఇది? తోటివాళ్లు చాలామందికి అలాగే అనిపించింది. ఆమె మాత్రం ఒప్పుకున్నారు. మామూలు పిల్లల మీద తన ప్రశ్నను పరీక్షించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. 1907 జనవరి 6న యాభై మందికి పైగా పిల్లలతో ఆ గది తెరుచుకుంది. దానికి పిల్లల ఇల్లు అని పేరు పెట్టారు.

చదవడం, రాయడం నేర్పాలన్న ఆలోచన మొదట్లో ఆమెకు లేదు. ఆరేళ్లలోపు అక్షరాల జోలికి పోకూడదన్నది అప్పటి నిపుణుల మాట, ఆమె కూడా అలాగే అనుకున్నారు. పిల్లలకు బొత్తాలు పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం నేర్పారు. చిన్న పిడి ఉన్న చెక్క గుంజలను సరైన గుంటల్లో అమర్చే ఆట ఇచ్చారు. కొన్ని నెలలయ్యాక తల్లులే వచ్చి అడగడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామందికి సంతకం పెట్టడం కూడా రాదు. తమ పిల్లలు ఇంత బాగా నేర్చుకుంటున్నప్పుడు చదువు కూడా నేర్పమని బతిమాలారు. ఆ తల్లుల మాటే ఆమె మనసు మార్చింది.

గరుకు కాగితం అక్షరాలు

అక్షరాలు నేర్పడానికి ఇంతకుముందు సంస్థలో చెక్కతో చేయించిన అందమైన అక్షరాలు ఉండేవి. ఇక్కడ అలాంటివి చేయించే స్తోమత లేదు. అప్పుడు తట్టిందే ఇవాళ్టికీ మాంటిస్సోరి బడుల్లో కనిపించే పరికరం. వడ్రంగులు చెక్కను నునుపు చేయడానికి వాడే గరుకు కాగితాన్ని అక్షరాల ఆకారంలో కత్తిరించి, నున్నటి అట్టల మీద అంటించారు. పిల్లలు రెండు వేళ్లతో ఆ అక్షరం మీద, రాసేటప్పుడు చేయి ఏ వైపు నుంచి ఏ వైపుకు కదులుతుందో అదే వరసలో రాస్తారు. వేలు పక్కకు జారితే నున్నగా తగులుతుంది. తప్పింది అని టీచర్ చెప్పక్కర్లేదు, వేలికే తెలిసిపోతుంది. డబ్బు లేక చేసిన ఏర్పాటు ఖరీదైన చెక్క అక్షరాల కంటే బాగా పనిచేసింది.

అక్షరాన్ని తడుముతూ పిల్లలు దాని పేరు కాదు, శబ్దం పలకాలి. ఒకేసారి కన్ను చూస్తుంది, చేయి కదులుతుంది, చెవి వింటుంది. నేర్పే పద్ధతిలో మూడు మెట్లున్నాయి. ఇది ఆమె సెగాన్ దగ్గర తీసుకున్నది. మొదట టీచర్ అక్షరం చూపించి శబ్దం చెబుతుంది. తర్వాత రెండు మూడు అక్షరాలు ముందుంచి ఫలానాది ఏదో చూపించమంటుంది. చివరికి ఒక అక్షరం చూపించి ఇది ఏమిటని అడుగుతుంది. మూడో మెట్టు దగ్గర పిల్లాడు తడబడితే తిట్టడం, సరిదిద్దడం ఉండదు. ఇంకో రోజు మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలు. టెట్‌లో అడిగే మూడు దశల పాఠం ఇదే.

పెన్సిల్ పట్టు కోసం మరో ఏర్పాటు. గుండ్రం, చతురస్రం, త్రికోణం లాంటి లోహపు అచ్చుల చుట్టూ గీత గీసి, లోపల రంగు పెన్సిల్‌తో నింపాలి. పిల్లల దృష్టిలో అది బొమ్మ వేసే ఆట. చేతికి మాత్రం అది రాత సాధన. అంతకుముందు ఆడిన చెక్క గుంజల చిన్న పిడిని పట్టుకున్నదీ అదే మూడు వేళ్లతో. అంటే పిల్లలు ఒక్క అక్షరం రాయకముందే వాళ్ల చేయి రాతకు సిద్ధమైపోయింది.

మూడోది, విడి అక్షరాల పెట్టె. అచ్చులు ఒక రంగు, హల్లులు ఇంకో రంగు. పిల్లలు ఒక మాటను నోటితో నెమ్మదిగా విడగొట్టి, ఒక్కో శబ్దానికి తగిన అక్షరం తీసి పక్కపక్కన పేరుస్తారు. రాసే శక్తి చేతికి ఇంకా రాకపోయినా మాటను కట్టే శక్తి బుర్రకు వచ్చేస్తుంది.

డాబా మీద ఒక పిల్లాడు

1907 డిసెంబర్‌లో ఎండ కాసిన ఒక రోజు మారియా పిల్లలతో కలిసి భవనం డాబా మీద కూర్చున్నారు. పక్కనున్న ఐదేళ్ల పిల్లాడికి సుద్దముక్క ఇచ్చి ఎదురుగా కనిపిస్తున్న పొగగొట్టం బొమ్మ వేయమన్నారు. వేశాడు. బాగుందని మెచ్చుకున్నారు. ఆ పిల్లాడు ఒక్క క్షణం ఆగి, తనకు రాయడం వచ్చేసిందని అరుస్తూ నేల మీద చేయి అనే మాట రాశాడు. ఆ ఊపులోనే పొగగొట్టం, పైకప్పు అని కూడా రాసేశాడు. అంతకుముందు వాడు ఒక్క మాటా రాసింది లేదు. కేకలు విని మిగతా పిల్లలు చుట్టూ చేరారు. వాళ్లలో కొందరు సుద్ద అడిగి తీసుకుని వాళ్లూ రాయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత గోడలు, తలుపులు, నేల ఏదీ వదల్లేదు.

ఇందులో మాయేమీ లేదు. పట్టు, గీత, శబ్దం, ఆకారం విడివిడిగా నెలల తరబడి సిద్ధమయ్యాయి. ఒక రోజు అవన్నీ కలిశాయి, అంతే.

చదవడం ఆ తర్వాత వచ్చింది. అది ఇంకో మెట్టు అని మారియా గమనించారు. రాసేటప్పుడు మాట పిల్లాడి దగ్గరే ఉంటుంది, దాన్ని అక్షరాల్లో పెడతాడు. చదివేటప్పుడు ఎవరో పెట్టిన మాటను వాడు అక్షరాల్లోంచి బయటికి తీయాలి. అందుకే మొదట గదిలో ఉన్న వస్తువుల పేర్లే చీటీల మీద రాసి ఇచ్చారు. కూడబలుక్కుని చదివి, ఆ చీటీని సరైన వస్తువు దగ్గర పెట్టాలి. తర్వాత తలుపు వేయడం లాంటి చిన్న చిన్న పనులు చీటీల మీద రాసి ఇచ్చారు. పిల్లలు నోటితో చదివి వినిపించక్కర్లేదు, ఆ పని చేస్తే చాలు. అర్థమైందో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది. గడగడా చదివేయడం వేరు, చదివింది అర్థం కావడం వేరు అని ఆమె అప్పుడే తేల్చారు.

పేరు, విమర్శ, ప్రవాసం

1909లో ఆమె మొదటి టీచర్ ట్రైనింగ్ కోర్సు నడిపారు. తన పద్ధతి మీద పుస్తకం కూడా అదే ఏడాది వచ్చింది. 1912లో అది ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. తర్వాతి కాలంలో యూనివర్సిటీ ఉద్యోగం, వైద్య వృత్తి రెండూ వదిలేశారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల మధ్య నడిచిన మాంటిస్సోరి తరగతిని జనం ఎగబడి చూశారు.

విమర్శలూ వచ్చాయి. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కిల్‌పాట్రిక్ 1914లో ఆమె పద్ధతిని గట్టిగా తప్పుపట్టారు. పరికరాలతో ఇలాగే ఆడాలన్న నియమం వల్ల పిల్లల ఊహకు చోటు తగ్గుతుందని ఆయన వాదన. అమెరికాలో ఆ జోరు చాలా ఏళ్లు చల్లబడింది. ఇంకో మచ్చ ఉంది. 1924 నుంచి కొన్నేళ్లు ఆమె స్కూళ్లు ముస్సోలినీ ప్రభుత్వ సాయంతో నడిచాయి. నియంతతో ఆ సర్దుబాటును ఆమె అభిమానులు కూడా సమర్థించలేరు. 1934 నాటికి ఆ బంధం తెగిపోయింది, ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. నాజీ జర్మనీలో కూడా అదే జరిగింది. తను ఉంటున్న స్పెయిన్‌లో 1936లో అంతర్యుద్ధం రావడంతో అక్కడి నుంచీ బయటపడి చివరికి నెదర్లాండ్స్ చేరారు.

అడయార్‌లో తాటాకు పందిళ్ల కింద

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద ఆమె కొడుకు మారియోతో కలిసి మద్రాసు వచ్చారు. అప్పటికి వయసు 69. అడయార్‌లో తాటాకు పందిళ్ల కింద సుమారు 300 మందికి శిక్షణ ఇచ్చారు. ఆమె ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పేవారు. కొన్ని నెలలు ఉండి వెళ్లాలనుకున్నారు. కానీ 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. దాంతో బ్రిటిష్ ప్రభుత్వానికి ఈ తల్లీకొడుకులు శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు, ఆమెను అడయార్ దాటొద్దన్నారు. ఆగస్టు 31న ఆమె 70వ పుట్టినరోజు కానుకగా వైస్రాయ్ మారియోను విడుదల చేశారు.

యుద్ధం అయ్యేదాకా మన దేశంలోనే ఉండిపోయారు. కొడైకెనాల్‌లో గడిపిన రెండేళ్లలో పెద్ద పిల్లల చదువు మీద కూడా పనిచేశారు. భారతదేశంలో ఆమె దగ్గర శిక్షణ పొందిన టీచర్లు వెయ్యి మంది పైమాటే. 1946లో యూరప్ వెళ్లి, మరుసటి ఏడాది మళ్లీ వచ్చారు. 1949 నుంచి వరసగా మూడేళ్లు నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదించారు కానీ బహుమతి రాలేదు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు. ఇటలీ తర్వాత వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ వేసి గౌరవించుకుంది.

ఉద్యోగార్థులకు ఇందులో ఏముంది?

ఇటాలియన్‌లో అక్షరానికి, శబ్దానికి దాదాపు తేడా ఉండదు. శాన్ లోరెంజో పిల్లలు అంత త్వరగా రాయడానికి అది కూడా ఒక కారణం. తెలుగు కూడా చాలావరకు అంతే, పలికినట్టే రాస్తాం. ఇంగ్లిష్ అలా కాదు. మన పిల్లలకు చిక్కొచ్చేది గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర. ఇక అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి వేలితో ఓనమాలు దిద్దించడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. గరుకు కాగితం అక్షరం చేసే పనికి అది దూరమేమీ కాదు. కాకపోతే మనం ఒక్క రోజు చేసి పళ్లెం లోపల పెట్టేస్తాం. మర్నాటి నుంచి నర్సరీ పిల్లాడి చేతికి నాలుగు గీతల కాపీ పుస్తకం వస్తుంది, వేళ్లకు ఇంకా పట్టు రాకముందే.

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఉన్న ఐదేళ్లను పునాది దశగా గుర్తించింది. మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యంతో 2021లో నిపుణ్ భారత్ మొదలైంది. ఈ పని చేయాల్సింది కిండర్‌గార్టెన్ టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఎస్జీటీలే. అయినా మన దగ్గర చిన్నపిల్లల టీచర్ అనగానే వేరే ఉద్యోగం దొరకక చేరారనుకునే చూపు పోలేదు. జీతాలు కూడా చాలా చోట్ల అలాగే ఉంటున్నాయి. ఆ చూపు తప్పని వాదించడానికి మాంటిస్సోరి జీవితం ఒక్కటి చాలు. ఇంజినీరింగ్ ఆశ, డాక్టర్ పట్టా, తత్వశాస్త్రం చదువు అన్నీ ఆ ఒక్క గదిలో పనికొచ్చాయి.

ఈ రంగంలోకి వెళ్లాలనుకుంటే ఒక జాగ్రత్త. మాంటిస్సోరి అన్న పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కాబట్టి కోర్సులో చేరేముందు సర్టిఫికెట్ ఎవరిస్తారు, దానికి గుర్తింపు ఉందా, పిల్లల మధ్య కూర్చుని గమనించే ప్రాక్టికల్స్ ఎన్ని రోజులుంటాయి అని అడగండి. ఇంటర్వ్యూకు వెళ్లిన స్కూల్లో తరగతి గదిని ఒకసారి చూడనివ్వమని అడగండి. మూడేళ్ల పిల్లలు వరసగా కూర్చుని కాపీలు రాస్తున్నారా, లేక చేతులతో ఏదో ఒక పని చేస్తున్నారా? బోర్డు మీద పేరు ఏదైనా, లోపల ఏం నేర్పుతున్నారో ఆ పిల్లల వేళ్లను చూస్తే తెలుస్తుంది.